కాలేయము చెడినచో ఛాతీలో నీరేల?

కాలేయము కడుపులో నుండు అవయవము. ఊపిరితిత్తులు ఛాతీలో నుండునవి. ఈ రెంటికి నడుమ విభాజకపటలమను కండరపు తెర గోడవలె అడ్డముగా నిలిచియున్నది. అట్లుండగా, కాలేయము చెడినవానికి ఛాతీలో నీరు చేరుట యెట్లు? ఈ చిన్న ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు మానవజాతికి రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది. ఆ చరిత్రనే నేడు శ్రోతలకు విన్నవింపదలచినాము.

చరిత్ర యనుటచేత ఇది కాలక్షేపమునకు మాత్రమే యని తలపవలదు. బేస్తవారిపేట, కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములలో "నెమ్ము చేరినది", "ఊపిరితిత్తులకు నీరు పట్టినది" అను మాట వినని గృహము అరుదు. ఆ మాట చెవిని పడగానే ఇంటివారి మనస్సు క్షయరోగముపైకి పోవును. పలకల పనివారి యిండ్లలోనైన రాతిధూళిపైకి పోవును. రెండును న్యాయమైన అనుమానములే. కాని మూడవ త్రోవ యొకటి కలదు. ఆ నీరు ఊపిరితిత్తులలో పుట్టినది కాక, కడుపులో పుట్టి పైకెక్కినది కావచ్చును. ఈ భేదము గుర్తింపనిచో రోగి అక్కరలేని మందు మ్రింగును; కావలసిన చికిత్స అతనికి అందదు. కావున ఈ కథకు ఇంటింటితోడను సంబంధము కలదు.

మన పూర్వులతో మొదలిడుదము. ఆయుర్వేదమున ఉదరరోగములని ఎనిమిది విధములు చెప్పబడినవి. అందు ప్లీహము, అనగా బల్ల, పెరిగి ఎడమప్రక్క గట్టిపడు ప్లీహోదరమొకటి. కుడిప్రక్క యకృత్తు, అనగా కాలేయము, అట్లే పెరిగినచో దానినికూడ ఆ వర్గములోనే చేర్చిరి. చివరిది జలోదరము. ఈ విభాగమును నేటి వైద్యుడు చూచినచో ఆశ్చర్యపడును. ఏలయన కాలేయము గట్టిపడినచో బల్ల పెరుగుట, పిదప కడుపులో నీరు నిండుట ఒకే వ్యాధియొక్క మెట్లని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఆ కాలమునకు నేటి పరీక్షాయంత్రములు లేకున్నను, వారు చేతితో తాకి, కంటితో చూచి, ఈ మూటిని ఒకే అధ్యాయమున ప్రక్కప్రక్కన నిలిపిరి.

నీరు కడుపులోనికి ఎట్లు వచ్చునని సుశ్రుతసంహిత విచారించినది. అచట వాడిన మాట "ఉపస్నేహము." అనగా చెమర్చుట, ఊరుట. కొత్త కుండలో నీరు పోసినచో రంధ్రమేదియు కంటికి కానరాకున్నను కుండ వెలుపల చెమ్మ తేలును గదా! అట్లే అన్నసారము కోష్ఠమునుండి వెలుపలికి ఊరునని వారి భావము. కుండలో చల్లని నీరు త్రాగి పెరిగిన మన పల్లెవారికి ఈ యుపమానమును వివరింప నక్కరలేదు.

సుశ్రుతుడు నీరు తీయు విధమును సైతము చెప్పెను. బొడ్డునకు దిగువను, నడిమి రోమరేఖకు ఎడమప్రక్కగా నాలుగంగుళములు తొలగి, వ్రీహిముఖమను శస్త్రముతో బొటనవ్రేలి ప్రమాణము లోతున గ్రుచ్చవలెను. తగరము మొదలగు లోహపు గొట్టమునుగాని, పక్షి యీక గొట్టమునుగాని అందమర్చి నీరు వెడలింపవలెను. పిమ్మట కంబళి, పట్టు, తోలు మున్నగువానితో కడుపును గట్టిగా చుట్టవలెను. అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు: నీరంతయు ఒకే దినమున తీయరాదు. తీసినచో దప్పిక, జ్వరము, ఒడలినొప్పులు, శ్వాస, దగ్గు మొదలగు నుపద్రవములు కలుగును. కావున దినములు విడిచి విడిచి కొంచెము కొంచెముగా తీయవలెను. తరువాత ఆరు మాసములు పాలే ఆహారము. చరకసంహితలోను జలోదరమునకు నీటిని తగ్గించుట, పాలపథ్యము ప్రధానముగా కనిపించును.

ఒక్కసారిగా మిక్కిలి నీరు తీసినచో రక్తప్రసారము తారుమారై మూత్రపిండములు దెబ్బతినునని నేటి వైద్యులు ఎరుగుదురు. అందుచేతనే అయిదు లీటర్లకు మించి తీయునపుడు ఆల్బుమిన్ అను మాంసకృత్తును నరమునకు ఎక్కింతురు. కారణము నేడు తెలిసినది. అపాయమును మాత్రము మన పూర్వులు కనిపెట్టియుండిరి.

ఇంచుమించు అట్టి విచారమే యవన దేశమున సాగుచుండెను. క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దివాడగు హిపొక్రటీసు పేర వెలసిన గ్రంథములలో, కాలేయములోని నీరు పగిలి కడుపులోనికి దిగినచో రోగి మరణించునను సూత్రము కలదు. ఛాతీలోని నీటిని గూర్చియు ఆ గ్రంథములు వేరుగా ముచ్చటించినవి. రోగి ప్రక్కటెముకలకు చెవి యానించినచో లోపల పులికాడి మరుగునట్టి చప్పుడు వినబడునట! ఎముకను తొలిచి నీటిని దినమునకు కొంచెముగా తీసి, నారగుడ్డతో రంధ్రమును మూయవలెనట! ఇచటను అదే హెచ్చరిక: ఒక్కసారిగా తీయరాదు. తరువాత క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలోని ఎరసిస్ట్రేటసు జలోదరమునకు మూలము కాలేయము రాయివలె గట్టిపడుటయే యని చెప్పి, కడుపు గ్రుచ్చి నీరు తీయుటను నిరసించెను. మూలము అట్లే యుండగా నీరు తీసిన ఫలమేమి, మరల నిండును గదా యని ఆయన వాదము.

ఇచట ఒక విషయమును శ్రోతలు గమనింపవలెను. కడుపులో నీరు ఒక అధ్యాయమునను, ఛాతీలో నీరు మరియొక అధ్యాయమునను నిలిచినవి. రెండు నీళ్లును ఒకే ఊటనుండి రావచ్చునను భావము ఎవ్వరికిని కలుగలేదు. ఆ రెండధ్యాయముల నడుమ గోడ పడగొట్టుటకు ఇరువది శతాబ్దములు కావలసివచ్చెను.

మొదటి అడుగు 1669లో పడినది. ఆంగ్ల వైద్యుడు రిచర్డు లోయరు ఒక కుక్క శరీరమున గుండెకు పోవు మహాసిరను ముడివేసి కట్టెను. కొంతకాలమునకు దాని కడుపు నీటితో నిండెను. జలోదరమునకు దోషములు, ధాతువులు మాత్రమే కాక, కేవలము దారి మూసుకొనిపోవుటయు కారణము కావచ్చునని అప్పుడు ఋజువైనది. ప్రవాహమునకు అడ్డు కట్టినచో నీరు వెనుకకు ఎగదన్నును. చెరువులెరిగినవారికి ఇది వింత కాదు.

రెండవ అడుగు చెవిది. 1761లో వియన్నా నగరపు వైద్యుడు లియోపోల్డు అవెన్‌బ్రుగ్గరు, వ్రేళ్లతో ఛాతీపై తట్టి, ఆ చప్పుడునుబట్టి లోపల గాలి యున్నదో నీరున్నదో చెప్పు విధానమును ప్రకటించెను. ఆయన తండ్రి గ్రాట్జ్ నగరమున పూటకూళ్లు నడుపువాడు. పీపాలలో మద్యము ఎంతవరకున్నదో తట్టి చూచుటను బాల్యమున గమనించి ఆయన ఈ యుపాయము నెరిగెనని చెప్పుదురు. మన యిండ్లలో ధాన్యపు గాదెను తట్టి చూచుట, కుండను కొనునపుడు మ్రోగించి చూచుట ఇట్టివే గదా! ఆ కాలపు వైద్యులు దీనిని పట్టించుకొనలేదు. 1808లో ఫ్రాన్సు దేశమున కొర్విజారు ఆ గ్రంథమును అనువదించిన పిదపనే దానికి గౌరవము కలిగెను.

కొర్విజారు శిష్యుడే రెనె లెన్నెక్. 1816లో ఆయన ఒక రోగిణి హృదయధ్వని వినుటకై కాగితములను గొట్టముగా చుట్టి చెవి కానించెను. నేటి స్టెతస్కోపునకు అదే మొదలు. 1819లో ఆయన ఛాతీ వ్యాధులను గూర్చి వ్రాసిన మహాగ్రంథము వెలువడినది. విచిత్ర మేమనగా, కాలేయము గట్టిపడు వ్యాధికి నేడు ప్రపంచమంతట వాడుచున్న "సిరోసిస్" అను పేరు పుట్టినది ఈ ఛాతీ గ్రంథమునందే! ఛాతీలో నీరు, కడుపులో నీరు, కాలేయవ్యాధి మూడును కలిగి మరణించిన ఒక రోగి వృత్తాంతము వ్రాయుచు, శవపరీక్షలో కాలేయముపై కనిపించిన పసుపు గోధుమవన్నె గడ్డలను చూచి, ఆ వన్నెకు గ్రీకుభాషలో నున్న పదమునుండి లెన్నెక్ ఆ పేరు కల్పించి అడుగుటిప్పణిలో వ్రాసెను.

ఒకే రోగి, ఒకే పుట, మూడు వ్యాధిలక్షణములు. అయినను లెన్నెక్ ఆ మూటిని కలిపి దారము గ్రుచ్చలేదు. ఆ రోగి ఛాతీలోని నీరు రక్తముతో కూడినదగుటచే దానిని ఛాతీ వ్యాధిగానే ఎంచెను. అందులకు ఆయనను తప్పుపట్టరాదు. ఆ కాలపు పారిసునందు ఛాతీలో నీరనగా సాధారణముగా క్షయయే. లెన్నెక్ తానును క్షయతోడనే 1826లో, నలుబదియైదేండ్ల వయస్సున మరణించెను.

మన దేశమునను ఇదే స్థితి చిరకాలము నిలిచినది. 1882లో రాబర్టు కాక్ క్షయ క్రిమిని కనుగొనెను. 1895లో రంట్జన్ ఎక్సురే కిరణములను కనుగొనెను. ఛాతీలోని నీరు తెల్లని నీడగా పలకపై కనబడసాగెను. కాని నీడ చెప్పునది "నీరున్నది" అని మాత్రమే, ఎచటిదో చెప్పదు. ఇంటింట క్షయ యున్న దేశమున వైద్యుడు మొదట క్షయనే తలచుట సహజము. 1956లో మద్రాసున నెలకొల్పబడిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రము, రోగులు శానిటోరియములకు పోకయే ఇంటియొద్ద మందులు వాడి స్వస్థులు కావచ్చునని 1959లో లోకమునకు నిరూపించినది. అది మన ప్రాంతములకు గొప్ప వరము. అయితే ప్రతి వరమునకును ఒక కట్టుబాటు కలదు. క్షయకు వాడు ముఖ్యమైన మందులలో కొన్ని కాలేయమునకు శ్రమ కలిగించునవి. కాలేయము ముందే చెడి, దానివలన ఛాతీలో నీరు చేరినవానిని క్షయరోగిగా ఎంచి ఆ మందు లిచ్చినచో, చెడిన యెద్దుపై మరింత బరువు మోపినట్లగును. ఈ చరిత్రలో ప్రాణములతో ముడిపడిన ఘట్టమిదియే.

గోడ పడగొట్టబడినది 1950, 1960 దశాబ్దములలో. 1955లో వైద్యులు ఎమర్సన్, డేవీసులు జలోదరముతోపాటు ఛాతీలో నీరు చేరిన రోగులను పరిశీలించి, విభాజకపటలములోని లోపములద్వారా నీరు పైకి పోవుట గ్రహించిరి. 1958లో మారో, ఆయన సహచరులు ఈ స్థితికి కాలేయసంబంధమైన ఛాతీనీరు అను అర్థము వచ్చు ప్రత్యేకమైన పేరు పెట్టి వర్ణించిరి. 1966లో లీబర్మన్ బృందము చేసిన పరీక్ష మిక్కిలి సులభమైనది, మిక్కిలి చతురమైనది. రోగి కడుపులోనికి కొంత గాలిని పంపి, తరువాత ఎక్సురే తీసిరి. కడుపులోని గాలి ఛాతీలో ప్రత్యక్షమైనది! గాలి పోగలిగిన దారిన నీరు పోకుండునా? చనిపోయినవారి శరీరములను పరీక్షించినపుడు తెరలో సన్నని చిల్లులు, ఉబ్బిన పలుచని బుడగలు కనబడినవి. కుండ చెమర్చుటను గూర్చి సుశ్రుతుడు చెప్పిన మాటలో సగము నిజమైనది; ఇచట కంటికి కనబడని రంధ్రము నిజముగానే ఉన్నది.

ఈ యంత్రాంగము మన శ్రోతలకు తెలియుటకు కంభము చెరువును తలచికొందము. విజయనగర రాజుల కాలమున రెండు కొండల నడుమ గుండ్లకమ్మను అడ్డగించి కట్టిన ఆ మహాతటాకము బేస్తవారిపేటకు సమీపముననే ఉన్నది. ప్రేగులనుండి, బల్లనుండి వచ్చు రక్తమంతయు నిర్వాహకసిర యను ఏరుగా కాలేయములోనికి ప్రవేశించును. ఆరోగ్యముగల కాలేయము తూములన్నియు తెరచియుంచిన చెరువువంటిది. ఎంత వచ్చిన నంత సాగిపోవును. సిరోసిస్‌లో కాలేయము మచ్చలు కట్టి ముడుచుకొనును, తూములు పూడిపోవును. ఏరు ఎగదన్నును. బల్ల ఉబ్బును. అన్నకోశపు సిరలు ఉబ్బి ఒక్కొక్కప్పుడు పగిలి రక్తపు వాంతి యగును. రక్తమును చిక్కగా నిలుపు ఆల్బుమిన్‌ను తయారుచేయు కార్ఖానాయు ఆ కాలేయమే కావున, ఆ సరుకును తరుగును. అంతట మూత్రపిండములు దేహమున నీరు చాలదని భ్రమపడి, ఉప్పును నీటిని పట్టియుంచును. అట్లు నిలిచిన నీరు కడుపున ఊరును. ఇది జలోదరము.

ఇక కట్ట సంగతి. విభాజకపటలమే ఆ కట్ట. కట్టకు పైనున్నది ఛాతీ. మనము ఊపిరి పీల్చునపుడెల్ల ఛాతీలోపల పీడనము తగ్గి లాగు గుణము కలుగును. కట్టక్రింది పొలములో మోటారు పెట్టి రాత్రింబవళ్లు నీరు తోడుచున్నచో కట్టలోని సన్నని ఊట కాలువ యగును గదా! నిమిషమునకు పదునైదు ఇరువది మారులు నడచు ఊపిరియే ఆ మోటారు. కొందరి విషయమున కడుపులో ఊరిన నీరు ఊరినట్లే పైకి పోవుటచే కడుపు ఉబ్బినట్లే కానరాదు. ఛాతీ మాత్రము నిండును. వైద్యులు మోసపోవునది ఇచటనే.

సిరోసిస్ గలవారిలో నూటికి 5 మొదలు 10 మందికి ఈ ఛాతీనీరు కలుగునని అంచనా. అందు నూటికి 80 మందికి పైగా కుడివైపుననే చేరును. కాలేయముపై కప్పబడిన కుడి తెరలో అట్టి లోపము లెక్కువగుటయే కారణము. కడుపు అయిదారు లీటర్ల నీటినైన భరించును. ఛాతీ అట్లు భరింపదు. ఒకటి రెండు లీటర్లు చేరగానే ఆయాసము మొదలగును. మెట్లెక్కలేరు, వెల్లకిల పరుండలేరు.

నీరు ఎచటిదో తేల్చు ఉపాయము 1972లో మరింత స్థిరపడినది. రిచర్డు లైటు అను వైద్యుడు, ఛాతీనీటిలోని మాంసకృత్తును రక్తములోని మాంసకృత్తుతో పోల్చు నియమములను ప్రకటించెను. క్షయ, చీము, పుండు వలన వచ్చు నీరు చిక్కనిది. కాలేయము, గుండె, మూత్రపిండముల వలన ఊరు నీరు పలుచనిది. సూదితో కొద్ది నీరు తీసి పరీక్షశాలకు పంపినచో చాలును. అదియు కాలేయము ఎట్లున్నదో చూపు రక్తపరీక్షయు, కడుపు స్కానింగును, గుండె పరీక్షయు కలిసినచో చిక్కుముడి చాలవరకు విడిపోవును. సిరోసిస్ ఉన్నవానికి క్షయయు ఉండవచ్చును. కావున ఊహతో నిర్ణయింపక పరీక్షించుటయే మార్గము.

చికిత్స చరిత్రయు చిత్రమైనదే. 1850లో బోస్టనులో బౌడిచ్ అను వైద్యుడు సన్నని సూదితో ఛాతీనీరు తీయు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మూత్రము జారీచేయుటకు పాదరసపు మందులను సూదితో నిచ్చెడివారు. మేలుతోపాటు కీడును కలుగుచుండెను. 1957లో కనుగొనబడిన స్పైరొనోలాక్టోన్ అను మందు, మూత్రపిండములు ఉప్పును పట్టియుంచు ఆజ్ఞనే అడ్డగించెను. తరువాత వచ్చిన ఫ్యురోసెమైడ్ దానికి తోడయ్యెను. నేటికిని ఈ రెండు మాత్రలే మొదటి ఆయుధములు. వానిని వైద్యుని సలహాపై, రక్తములోని లవణములను పరీక్షించుకొనుచు మాత్రమే వాడవలెను.

మాత్రలకు లొంగని నీటికి 1988లో జర్మనీలోని ఫ్రైబర్గు నగరమున ఒక కొత్త యుపాయము మొదటిమారు మనుష్యునిపై ప్రయోగింపబడినది. మెడలోని సిరద్వారా పరికరమును పంపి, కాలేయములోపలనే ఒక చిన్న లోహపు గొట్టమును అమర్చి, ఎగదన్నిన రక్తమునకు ప్రక్కదారి కల్పించుట దాని సారము. చెరువునకు కలుజు త్రవ్వుట వంటిది. అన్నిటికంటె మూలచికిత్స కాలేయమునే మార్చుట. 1963లో అమెరికాలో థామస్ స్టార్జల్ మొదటిమారు ప్రయత్నించి విఫలుడయ్యెను, 1967లో కృతార్థుడయ్యెను. మన దేశమున 1994లో అవయవమార్పిడి చట్టము వచ్చినది. 1998లో ఢిల్లీలో మొదటి విజయము లభించినది. మరణించినవారి అవయవములను అర్హులకు వరుసక్రమమున అందించుటకు తెలుగునాట "జీవన్‌దాన్" అను ప్రభుత్వపథకము 2013లో ఆరంభమైనది.

ఒక పద్ధతిని గూర్చి మాత్రము నేటి వైద్యశాస్త్రము గట్టిగా హెచ్చరించుచున్నది. చీము చేరిన ఛాతీకి గొట్టము వేసి దినములతరబడి ఉంచుట మంచిదే. కాలేయపు నీటికి అట్లు చేసినచో ఊట ఆగదు. నీటితోపాటు మాంసకృత్తును లవణములును కారిపోయి రోగి క్షీణించును. కావున ఆయాసము తీరుటకు సూదితో ఒకటిన్నర రెండు లీటర్లకు మించకుండ తీసి, మూలమునకు మందిచ్చుట నేటి రీతి. ఎరసిస్ట్రేటసు చెప్పిన "మూలము అట్లే యుండగా" అను ఆక్షేపణ ఇప్పటికిని సజీవమే.

ఆ మూలమును విచారింతము. కాలేయము గట్టిపడుటకు మద్యమొక ప్రధానకారణమని 1793లో స్కాట్లండునకు చెందిన వైద్యుడు మాథ్యూ బెయిలీ త్రాగుబోతుల శవపరీక్షలనుబట్టి వ్రాసియుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున పారిసు నగరమున ద్రాక్షసారాకు రేషను పెట్టినపుడు సిరోసిస్ మరణములు ఎన్నోరెట్లు తగ్గినవి. యుద్ధము ముగిసి సారా దొరకగానే మరల పెరిగినవి. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య మేమి కావలెను?

తెలుగునాట ఆ సాక్ష్యమును స్త్రీలు పుస్తకములు చదువకయే ఎరుగుదురు. మన పొరుగు జిల్లా యగు నెల్లూరులో, దూబగుంట గ్రామమున, అక్షరాస్యతా ఉద్యమములో అక్షరములు నేర్చుకొనిన కూలి స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మున్నగువారు, తమ ఊరి సారా అంగడిని మూయించిరి. 1992 నాటికి ఆ యుద్యమము జిల్లా అంతటను, ప్రకాశము మొదలగు ఇరుగుపొరుగు జిల్లాలలోను వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలుజరిగినది. 1997లో అది సడలింపబడినది. ప్రభుత్వముల విధానములు మారవచ్చును. భర్త కడుపు ఉబ్బి, కాళ్లు వాచి, ఊపిరాడక మంచముపై కూర్చుండి తెల్లవారజేయుట చూచిన స్త్రీల యనుభవము మారదు. ఆ యుద్యమమును రాజకీయ చరిత్రలోనే చేర్చుట చాలదు. అది మన ప్రాంతపు కాలేయముల చరిత్రలోను ఒక ప్రకరణము.

మద్యము ముట్టనివారికిని సిరోసిస్ రావచ్చును. ఇరుగుపొరుగు వారు "వీడు చాటుగా త్రాగినాడు" అని నిందింపరాదు. 1960లలో బారుక్ బ్లంబర్గు కనుగొనిన హెపటైటిస్ బి, 1989లో కనుగొనబడిన హెపటైటిస్ సి అను క్రిములు రక్తముద్వారా, శుభ్రముచేయని సూదులద్వారా వ్యాపించి, బి విషయమున తల్లినుండి బిడ్డకును సంక్రమించి, నిశ్శబ్దముగా ఏండ్లతరబడి కాలేయమును తినివేయును. బ్లంబర్గుకు 1976లోను, సి క్రిమిని కనుగొనిన ముగ్గురికి 2020లోను నోబెల్ బహుమతులు లభించినవి. ఇందు తెలుగువారికి గర్వకారణమగు ఘట్ట మొకటి కలదు. విదేశీ టీకా వెల సామాన్యునికి అందని దినములలో, నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించి, 1997లో స్వదేశమున తయారైన హెపటైటిస్ బి టీకాను చౌకవెలకు వెలువరించెను. 2011 నాటికి ఈ టీకా దేశమంతట పిల్లల సార్వత్రిక టీకాలలో చేరినది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు ఇప్పింపవలెను. సి క్రిమికి టీకా లేదు. కాని నేడు మూడు మాసముల మాత్రలతో నూటికి తొంబదిమందికి పైగా నయమగుచున్నది. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున ఈ రెండు వ్యాధులకు ఉచితముగా పరీక్ష, చికిత్స ఏర్పాటు చేసినారు. మధుమేహము, స్థూలకాయము వలన కొవ్వుపట్టిన కాలేయము సైతము ఈనాడు ఇదే చివరకు చేరుచున్నది.

1970 వరకు కర్నూలు జిల్లాలో నుండిన ఈ పశ్చిమపు మెట్టప్రాంతమునకు పెద్ద ఆస్పత్రి ఎన్నడును చేరువలో లేదు. నల్లమల దాటి నంద్యాల, కర్నూలు వైపునకో, రైలెక్కి గుంటూరునకో పోవలెను. తరువాతి కాలమున ఒంగోలు త్రోవయు ఏర్పడినది. దూరమున్నచోట నాటువైద్యము చేరువగును. కామెర్లకు పసరు పోయుట, చేతిపై వాత పెట్టుట మనము ఎరిగినవే. కొన్ని రకముల కామెర్లు మందు లేకయే తగ్గును; కీర్తి పసరునకు దక్కును. సిరోసిస్ వలని కామెర్లు అట్లు తగ్గవు. పసరులోని పదార్థములే ఒక్కొక్కప్పుడు అలసిన కాలేయమును కూలద్రోయును.

కావున గృహస్థులు జ్ఞాపకముంచుకొనదగినవి కొన్ని కలవు. ఆయాసముతోపాటు కాళ్లవాపు, కడుపు ఉబ్బు, కన్నుల పచ్చదనము, చెంపలు పీక్కుపోవుట ఇవి ఉన్నచో, లేదా కుడిప్రక్కనే మాటిమాటికి నీరు చేరుచున్నచో, "కాలేయమును పరీక్షించినారా?" అని వైద్యుని అడుగవలెను. రోగి మద్యము త్రాగువాడైనచో, పూర్వము కామెర్లు వచ్చియున్నచో దాచక చెప్పవలెను. క్షయమందు మొదలిడువేళ కన్నులు పచ్చబడినచో ఆలస్యము చేయక వైద్యునికి తెలుపవలెను. తనంతట మానరాదు, తెలుపక కొనసాగింపను రాదు. జ్వరము, కడుపునొప్పి, మాట తడబాటు, పగలు మత్తుగా పడియుండుట, రక్తపు వాంతి, నల్లని విరేచనము కనబడినచో అదే దినమున పెద్ద ఆస్పత్రికి చేర్చవలెను.

వంటయింట చేయవలసినదియు కొద్దిగా కలదు. రోజునకు అన్ని విధముల కలిపి చెంచాడు, అనగా ఇంచుమించు 5 గ్రాములకు మించి ఉప్పు పోరాదు. అనగా ఆవకాయ, గోంగూర పచ్చడి, ఎండుచేప, అప్పడము, వడియము ఈ రోగి విస్తరిలో నుండరాదు. మన సీమలో ఈ మాట చెప్పుట కష్టమని మేమెరుగుదుము. కాని ఉప్పు ఎంత లోనికి పోయిన నంత నీరు నిలుచును, మాత్రలు ఓడిపోవును. నిమ్మరసము, వెల్లుల్లి, కొత్తిమీర, మిరియము కొంతవరకు రుచిని నిలుపును. అన్నము తగ్గింప నక్కరలేదు. పప్పు, పాలు, గ్రుడ్డు మాన్పించుట వెనుకటి కాలపు పొరపాటు. కండ కరగిపోవు ఈ రోగికి మాంసకృత్తు అవసరము. రాత్రి పరుండుటకు ముందు కొంచెము ఆహారము పెట్టుట మంచిదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. నొప్పిమాత్రలు తమంతట కొని వేయరాదు. వానిలో పెక్కు మూత్రపిండములను చెరచును.

లెన్నెక్ గ్రంథములో ఒకే పుటపై మూడు లక్షణములు ప్రక్కప్రక్కన నిలిచి, నూరేండ్లకు పైగా తమ బంధుత్వమును చెప్పికొనలేకపోయినవి. నేడు ఆ బంధుత్వము తెలిసినది. ఒక చిన్న సూది, కొద్ది నీరు, ఒక రక్తపరీక్ష దానిని నిర్ణయింపగలవు. అడుగవలసిన ప్రశ్నను రోగి బంధువులు సకాలమున అడిగినచో చాలునని మా మనవి.